కుడిపక్క పేజీ

నోటుబుక్కు ఇంటి మధ్యలో షాబాదు బండ మీద పడి ఉంది. దాని మీద మా అత్తమ్మ జల్లెడ బోర్లించింది. జల్లెడ మీద తన చెప్పు పెట్టింది.

"ఎవ్వలు ముట్టొద్దు," అంది. "హరి రానీ."

పదకొండు కావస్తోంది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది. అన్నం వండుదామని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టిన అత్తమ్మకు, ఎర్ర జాకెట్ గుడ్డలో చుట్టిన నోటుబుక్కు తగిలింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదు.

"బియ్యంల ఎందుకు పెట్టినవే?"

"మేఘన చేతికి దొరికితే గీతలు గీస్తది అత్తమ్మా. గా డబ్బా మూత దానికి రాదు."

"ఎర్రగుడ్డ ఎందుకు?"

"జాకెట్ కుట్టంగ మిగిలిన ముక్క."

"అన్నిటికి జవాబున్నది," అంది అత్తమ్మ గోడ వైపు చూస్తూ, గోడకే చెప్పినట్టు.

కంటి దవాఖాన పని మీద మొన్న గూడూరు అవతల తండా నుంచి జనగామకు వచ్చారు వాళ్ళు, అత్తమ్మా, మా ఆడబిడ్డ రాజీ. ఇవాళ రెండున్నర రైలుకు మానుకోట పోయి, అక్కడి నుంచి బస్సులో తండా చేరాలి. రాజీ ఇంటర్ పాసయింది. అత్తమ్మకు చదువు రాదు. ఆ పుస్తకం మొదట చదివి వినిపించింది రాజీయే. ఇప్పుడు గుమ్మానికి ఆనుకుని గోరు కొరుక్కుంటోంది.

"మల్లోసారి సెప్పు రాజీ. మీ వదినె ముంగటనే సెప్పు."

"ఎందుకు యాడీ, ఇన్నవు గద," అంది రాజీ తల్లితో.

"సెప్పు."

రాజీ గొంతు తగ్గించింది. "'సోమవారం. మేఘన సంపులో పడింది. మూత తీసి మరిచిపోయింది నేనే.' గదొకటి. 'మంగళవారం. మేఘనకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. దవాఖానకు పోయేసరికే...'"

"పోయేసరికే?"

"వద్దు యాడీ. పిల్ల ఇంటున్నది."

అత్తమ్మ ఒళ్ళో కూర్చుని ఆమె మోచేతి పైదాకా ఉన్న తెల్ల గాజులను ఒక్కొక్కటే కిందికి జరుపుతోంది మేఘన. అత్తమ్మ దాని రెండు చెవులూ మూసింది. నాలుగేళ్ళది, అదేదో ఆట అనుకుని నవ్వింది.

మా తండాలో పిల్లల పేరుతో కలిపి చెడ్డమాట పలకరు. జ్వరమొస్తే "పిల్లకు ఒళ్ళు వెచ్చగున్నది" అంటారు గానీ పేరు చెప్పరు. అలాంటిది నేను నా కడుపున పుట్టిన దాని పేరు పెట్టి, రోజుకో పేజీ చొప్పున నలభై పేజీలు రాశాను. రాసి, ఎర్రగుడ్డలో చుట్టి, తినే బియ్యంలో పాతిపెట్టాను. అత్తమ్మ కళ్ళతో చూస్తే అది ఏమిటో నాకూ తెలుస్తూనే ఉంది. బయట తెలుగు మాట్లాడినా ఇంట్లో మాది తండా మాటే. ఆ మాటలో, కీడు కోరి చేసే అలాంటి పనికి ఒక పేరుంది. అత్తమ్మ ఇంకా ఆ పేరు అనలేదు. అననందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"అది మనసుల బుగులు, భయం రాసుకునే బుక్కు అత్తమ్మా. మా సుజాత మేడం రాయమన్నది."

"ఏ సుజాత?"

నేను నాలుక కరుచుకున్నాను. ఆ పేరు ఈ ఇంట్లో నేనూ నా పెనిమిటీ తప్ప ఎవరికీ తెలియదు.

"దవాఖానల మనసు సంగతి సూస్తది. మూడు నెలల సంది ప్రతి బుధవారం పోతున్న."

"మనసుకేమైందే నీకు? తినేతందుకు లేదా? మొగడు కొడుతుండా?"

అందరూ ఈ రెండే అడుగుతారు. ఆ రెండూ లేకపోతే ఇంకేమీ ఉండకూడదు.

మేఘనకు పదకొండో నెలలో జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. అది బతికింది, మర్నాటికే పాలు తాగింది. నేనే ఆ రోజులోంచి బయటికి రాలేదు. నిద్రలో దాని ముక్కు కింద వేలు పెట్టి చూడటం, మా ఆయన మార్కెట్‌కు చేరాడా అని ఫోన్, అంగన్‌వాడీ టీచరుకు ఫోన్. ఒకరోజు ఏడుసార్లు చేసేసరికి ఆమె నా నంబరు రాకుండా చేసుకుంది.

నెలన్నర కిందట ఒక బుధవారం మేడం అంది: "బుగులు వచ్చినప్పుడల్లా దానికి పీట వేసి కూసోబెట్టకు. దానికొక టైం పెట్టు. నాలుగున్నర నుంచి ఐదు దాకా. నీ మనసు ఎట్ల చెప్తే గట్లనే ఎడమపక్క రాయి. తెల్లారి కుడిపక్క, అయ్యిందేందో రాయి."

తప్పు నాదే. నా మనసు ఎప్పుడూ "పడుతుందేమో" అని చెప్పదు. "పడింది" అనే చెబుతుంది. చెప్పినట్టే రాయమన్నారని, చెప్పినట్టే రాశాను.

బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. మా ఆయన హరిలాల్ లోపలికి వచ్చాడు. తలంతా పత్తి నూగు.

"ఏందే యాడీ, మార్కెట్ల లోడు ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. ఎవ్వలకేమైంది?" అని, కింద జల్లెడనూ దాని మీద చెప్పునూ చూశాడు. జల్లెడ అంచు కింది నుంచి నోటుబుక్కు అట్ట కనబడింది. "గిదా?" అన్నాడు.

"గిదా అంటవేందిరా? అంటే నీకెరుకే?"

అతను నా వైపు చూశాడు. నేను బండల వైపు చూశాను.

"నెత్తినొప్పి గోలీల కోసం దవాఖానకు పోతుందంటివి," అంది అత్తమ్మ.

"నెత్తిలనే గద నొప్పి," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

"నా కోడలు పిచ్చి దవాఖాన పట్టుకుని తిరుగుతుందంటే తండాల నేను మొకం ఏడ పెట్టుకోవాలె?"

"పిచ్చి కాదు యాడీ."

"మరేంది? పేరు సెప్పు."

తల గీరుకుంటే పత్తి రాలింది. పేరు దొరకని కోపం నా మీదికి తిప్పాడు. "నువ్వన్న జర మంచిగ దాసొద్దా? బియ్యంల పెడతరా ఎవ్వలన్న?"

"దాసుడే తప్పయింది. నువ్వు నెత్తినొప్పని దాసినవ్. నేను బియ్యంల దాసిన."

"మాటకు మాట అంటవ్. పొద్దుగాలట్నుంచి నీ ఫోన్లతోటే సగం పానం పోతది నాకు. హమాలోళ్ళంత నవ్వుతరు, మీ ఆమె హాజరు తీసుకుంటుందా అని."

"ఇయ్యాల ఎన్ని చేసిన?"

"ఏంది?"

"ఇయ్యాల ఎన్నిసార్లు చేసిన? తీసి సూడు."

జేబులోంచి ఫోన్ తీశాడు. బొటనవేలితో కిందికి జరిపాడు.

"ఇయ్యాల లేదు."

"నిన్న?"

జరిపాడు. ఇంకా జరిపాడు. ఆ వేలు ఆగలేదు.

"తొమ్మిది దినాలు," అన్నాను. "తొమ్మిది దినాల సంది నేను ఒక్క ఫోన్ చేయలే. నువ్వు ఎరుకనే పట్టలే."

"మార్కెట్ల లొల్లిల..." అంటూ ఫోన్ జేబులో పెట్టాడు.

నేను వంగి చెప్పు తీసి పక్కన పెట్టాను. జల్లెడ తీశాను. అత్తమ్మ మేఘనను గట్టిగా పట్టుకుంది. పుస్తకం రాజీ ముందు పెట్టాను.

"రాజీ, నువ్వు ఎడమపక్క పేజీలే సదివినవ్. కుడిపక్క ఎందుకు సదవలే?"

"గటు పక్క ఏమున్నది వదినె? అన్నీ ఒక్కతీరే."

"గవే సదువు."

రాజీ తల్లిని చూసింది, అన్నను చూసింది. చేతులు చున్నీకి తుడుచుకుని పుస్తకం తీసుకుంది.

"'ఏం కాలేదు. సంపు మూత పెట్టే ఉంది. మేఘన రెండు ఇడ్లీలు తిన్నది.'"

పేజీ తిప్పింది.

"'ఏం కాలేదు. ఒళ్ళు చల్లగానే ఉంది. అంగన్‌వాడీలో పాట నేర్చుకుంది.' ఇంకోటి. 'ఏం కాలేదు. ఆయన ఆలస్యంగా వచ్చాడు. బండి పంక్చర్ అయిందట.'"

"అయింది అయింది," అన్నాడు మా ఆయన. "యశ్వంతపూర్ కాడ."

"'ఏం కాలేదు. గోలీ మింగలేదు. గుండీ కూడా మింగలేదు. గుండీ మంచం కింద దొరికింది.'"

"ఏం కాలే!" అంది మేఘన. దానికి ఆ మాట నచ్చింది. రాజీ పేజీ తిప్పినప్పుడల్లా ముందే అరవడం మొదలుపెట్టింది. "ఏం కాలే! ఏం కాలే!" రాజీ పెదవి బిగబట్టుకుంది, నవ్వు ఆపుకోలేక. అత్తమ్మ ముఖం కూడా కొంచెం కదిలింది. చేతి పట్టు సడలింది. ఇంక అయిపోయింది, ఎసరు మళ్ళీ పెడదాం అనుకున్నాను.

రాజీ చివరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఏం కాలే!" అంది మేఘన.

"సదువు," అంది అత్తమ్మ.

"అయిపోయింది యాడీ."

"అబద్ధమాడకు. నీ కండ్లు ఇంక తిరుగుతనే ఉన్నయ్."

మా ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. చూసి మూసేశాడు.

ఇక నేనే చెప్పాను. "'అత్తమ్మ మేఘనను తండాకు తీసుకుపోయింది. మళ్ళీ పంపలేదు.' నిన్న పొద్దుగూకంగ రాసిన. కుడిపక్క ఇంక ఏం రాయలే."

ఎదురింటి టీవీలో ఎవరో వంట నేర్పిస్తున్నారు. పోపు వేసిన చప్పుడు మా ఇంటిదాకా వచ్చింది.

అత్తమ్మ మేఘనను ఒళ్ళోంచి దించింది. గాజులన్నీ మళ్ళీ పైకి తోసుకుంది, ఒక్కొక్కటే, తీరుబడిగా.

"నన్ను సుత రాసినవ్," అంది.

"అత్తమ్మా..."

"రంది నీ ఒక్కదానికే ఉన్నదనుకుంటున్నవా?" ఆమె నన్ను చూడలేదు. కొడుకును చూసింది. "హరీ, మీ అన్న గణపతి ఎట్ల పోయిండు?"

మా ఆయన తెల్లబోయాడు. "జరమొచ్చి పోయిండంటివి. నేను పుట్టకముందే."

"జరం కాదు. ఐదేండ్లు. పొద్దుగాల బువ్వ కాడ సతాయించిండు. కూలికి పొద్దుపోతుందని నాకు చిరాకు. 'పోయి బాయిల పడు' అన్న." ఆమె గొంతులో ఏడుపు లేదు. అది ఎప్పుడో ఎండిపోయిన గొంతు. "పొద్దుగూకేటాళ్ళకు పడ్డడు."

రాజీ చేత్తో నోరు మూసుకుంది.

"మీ బాపుకు సుత సెప్పలే ఇన్నేండ్లు. నోటితోటి ఒక్కసారి అన్న నాకే గట్లయింది. గిదేమో చేత్తోటి రాసింది. నలభై దినాలు రాసింది. సంపు అని రాసింది."

మేడం చెప్పినట్టు అరికాళ్ళు బండకు ఆనించి, ఆ చల్లదనం ఎంత దాకా ఎక్కుతుందో చూస్తూ నిలబడ్డాను. గాలి నెమ్మదిగా వదిలాను.

"బుక్కు నా కండ్ల ముంగట కాలాలె," అంది అత్తమ్మ. "లేకుంటే రెండున్నర బండికి పిల్ల నాతోటి వస్తది. గీ ఇంట్ల గా రాత కింద పండనియ్య దాన్ని."

మా ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "కాలబెడదాం దీపా. ఇరవై రూపాయల బుక్కు. పొద్దుగూకేసరికి ఇంకోటి తెచ్చిస్త."

"ఇంకోటి తెస్తే గీ నలభై దినాలు దాంట్ల వస్తయా?"

"మళ్ళ రాసుకో."

అతనికి ఎలా చెప్పాలి? అర్ధరాత్రి మనసు "పడింది" అన్నప్పుడు, కాదు అని చెప్పడానికి నాకు ఎనిమిదో తరగతి చదువు చాలదు. చెప్పేవి ఆ కుడిపక్క పేజీలే. రెండు ఇడ్లీలు తిన్నది. గుండీ మంచం కింద దొరికింది. అవి కాలిస్తే రేపు పొద్దున నేను మళ్ళీ మునుపటిలా పిల్లను కనిపెట్టుకుని అంగన్‌వాడీ గోడ పక్క నిలబడి ఉంటాను. వణికే తల్లి పక్కన పిల్ల ఉంటే మాత్రం, ఉన్నట్టా?

ఇంకో సంగతి ఉంది. నిన్ననే, బుధవారం కదా, మేడం అంది, ఇంక నెక్స్ట్ మెట్టు పిల్ల నీ కంటికి కనబడని చోట రెండు దినాలు ఉండుడు అని. నేను నాతో కాదు మేడం అన్నాను. ఆ భయమే నిన్నటి పేజీ అయింది.

"బుక్కు కాల్వ," అన్నాను. "పిల్లను తీస్కపొండి అత్తమ్మా."

మా ఆయన నన్ను చూసిన చూపు, మూడేళ్ళుగా నేను అద్దంలో చూసుకుంటున్నది.

"ఏమంటున్నవే?"

"ఇయ్యాల గురువారం. శనివారం నేనే వచ్చి తోల్కొస్త. చేరినంక రాజీతోటి ఒక్క ఫోన్ చేయించుర్రి. నేను చేయ."

అత్తమ్మ కళ్ళు చిన్నవి చేసింది. నేను బతిమాలతాననుకుంది, పుస్తకం పొయ్యి మీద పెడతాననుకుంది. గెలిచిన మనిషిలా లేదు ఆమె ముఖం.

"చేయకుంట ఉంటవా?"

"ఉంట."

రైలు పావుగంట ఆలస్యంగా వచ్చింది. మేఘన రెండు గౌన్లు, దుప్పటి, నీళ్ళ సీసా సర్దాను. జ్వరం మందు పక్క జేబులో ఉందని రాజీకి ఒకసారి చెప్పాను. రెండోసారి నోటిదాకా వచ్చింది. పళ్ళ మధ్య ఆపేశాను.

మేఘన కిటికీ ఊచలు పట్టుకుని ఊగుతోంది. దానికి రైలు కావాలి, అంతే. నేను ఏడుస్తానేమోనని మా ఆయన నాకంటే ముందే అటు తిరిగి నిలబడ్డాడు.

బండి కదలబోతుండగా అత్తమ్మ ఊచల్లోంచి చెయ్యి బయట పెట్టి నా రెక్క పట్టుకుంది.

"దీపా. గా బుక్కుల నా గణపతిది సుత రాయి."

"ఏమని అత్తమ్మా?"

"నేనన్న మాట ఎడమపక్క రాయి." బండి కదిలింది. ఆమె చెయ్యి వదలలేదు, నేను రెండడుగులు దాంతో పాటు నడిచాను. "కుడిపక్క ఏం రాస్తవో శనివారం నాకు సదివి సెప్పు."

చెయ్యి జారిపోయింది.

నాలుగున్నరకు గోడ పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. ఎడమపక్క రాశాను. "గణపతీ, పోయి బాయిల పడు అన్న." కుడిపక్కకు వచ్చేసరికి కలం ఆగిపోయింది. అన్నిసార్లు రాసిన 'ఏం కాలేదు' ఇక్కడ రాయలేను. అయ్యింది కదా. ఆమె అన్నందుకే అయ్యిందా? ఆ రోజు పొద్దున ఎన్ని తండాల్లో ఎంతమంది తల్లులు ఆ మాటే అని ఉంటారు? వాళ్ళ పిల్లలంతా సాయంత్రానికి ఇంటికి వచ్చి బువ్వ తిని ఉంటారు. ఆ సంగతి అత్తమ్మకు ఎవరు చెప్పారు ఇన్నేళ్ళలో? మేడంను అడగాలి అనుకున్నాను. ఐదు కాగానే పుస్తకం మూశాను.

మానుకోటలో రైలు దిగి బస్సెక్కితే, ఆరున్నరకల్లా తండా నుంచి ఫోన్ రావాలి. రాలేదు.

ఫోన్ బోర్లా పెట్టి అంట్లు తోమాను. చెయ్యి దాని వైపు పోయినప్పుడల్లా ఇంకో గిన్నె తీసుకున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను. మా ఆయన గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

ఆరూ నలభైకి మోగింది. తండా నుంచి మా మామ మాన్‌సింగ్.

"బిడ్డా దీపా, మీ అత్త బండెక్కిందా?"

"ఎక్కింది మామా. నేనే ఎక్కించిన."

"మరి ఆరు గంటల బస్సు వచ్చిపాయె. ఎవ్వలు దిగలే. రాజీ ఫోన్ కలుస్తలేదు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. తన ఫోన్‌లో రాజీకి కలిపాడు. కలవలేదు. మళ్ళీ కలిపాడు. మళ్ళీ. ఆ వేలు నాకు తెలుసు. నాలుగు, ఐదు, ఆరు.

"నువ్వే పంపినవ్," అన్నాడు నా వైపు చూడకుండానే. "నువ్వే పంపినవ్ దీపా."

పుస్తకం లాగి నిన్నటి పేజీ తెరిచాను. ఎడమపక్క నా రాత. అత్తమ్మ మేఘనను తండాకు తీసుకుపోయింది. మళ్ళీ పంపలేదు. మనసు అప్పుడే దాని కింద ఇంకో వాక్యం తయారుచేసి పట్టుకుని నిలబడింది, ఎప్పటిలాగే జరిగిపోయిన వాక్యం.

తెలిసింది ఏంది, తెల్వంది ఏంది, ముందుగాల రెండు వేరుచెయ్యి. అదీ మేడం మాటే.

అరికాళ్ళు బండకు ఆనించాను.

"మామా, ఫోన్ పెట్టకుర్రి," అన్నాను. "మీరు సూసిన బస్సు మానుకోట దిక్కు నుంచి వచ్చిందా, నర్సంపేట దిక్కు నుంచి వచ్చిందా?"

అవతల మామ ఎవరినో అడగడానికి నడుస్తున్నట్టు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

మా ఆయన వేలు ఆగింది. నా ముఖం చూస్తున్నాడు.

నేను కలం తెరిచి కుడిపక్క పెట్టి పట్టుకున్నాను.